పరుగెత్తింది నేను

ఇది నా వీలునామా. రాస్తున్నది నేనే, నా చేత్తోనే. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి రిటైరైనదాన్ని, పెళ్లి చేసుకోనిదాన్ని, చర్చిలో చాలా ఏళ్లు పియానో వాయించినదాన్ని. నా ఒంట్లో జబ్బు ఉంది గానీ బుద్ధిలో లేదు. ఆ మేరకు డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ, ప్రలోభమూ లేకుండా రాస్తున్నానని ఇలాంటి పత్రాల్లో చెప్పాలట. బలవంతం లేదు, ప్రోద్బలం లేదు. ప్రలోభం మాత్రం ఉంది. నన్ను చెడ్డదాన్ని చేసినవాళ్లని వరసపెట్టి తిట్టాలని చెయ్యి దురద పెడుతోంది. ప్రభువు సహాయంతో వీలైనంత అణచుకుంటాను. అణగని చోట చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

ఇదివరకు నేను రాసిన వీలునామా ఏదైనా బయటపడితే అది చెల్లదు. అప్పట్లో నాకు చాలామంది మీద మంచి అభిప్రాయం ఉండేది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా కళ్లజోళ్ల దుకాణం యజమానికి అప్పగిస్తున్నాను. ఆయనకి దేవుడి మీద నమ్మకం లేదు, నోరు కూడా మంచిది కాదు. అయినా నా గురించి అందరూ చెవులు కొరుక్కుంటున్న రోజుల్లో నేను ఏడ్చిన మొహంతో పనికి వెళ్తే, "లోపలికి రా అమ్మా, ఆ హెడ్మాస్టరు గారి ఎడమ కన్ను అద్దం నీకోసమే ఆగిపోయింది" అన్న మనిషి ఆయనొక్కడే. ఆయనకి నా వాలుకుర్చీ ఇస్తున్నాను. వచ్చినప్పుడల్లా దాన్ని తిడుతూ అందులోనే కూర్చునేవాడు.

2. దుకాణం పైన నా స్వార్జితమైన రెండు గదులూ, వంటిల్లూ, అందులోని సామాను యావత్తూ మా అక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి. ముందు గదిలో అద్దెకున్న టైలరమ్మని, ఆవిడంతట ఆవిడ వెళ్తానంటే తప్ప, ఎవరూ కదపకూడదు. ఆ గది మీద వచ్చే అద్దె సంగతి ఎనిమిదో అంశంలో రాశాను.

3. చర్చిలో ఉన్న పియానో నాది. మా నాన్న నాకు కొనిపెట్టాడు. మా మెట్ల మలుపు తిరగక చర్చిలో ఉంచాను, అంతే. అది సంఘం ఆస్తి అని సంఘ పెద్దలు అనుకుంటున్నారు. కాదు. ఆదివారం ఆరాధన జరుగుతుండగా, అందరూ చూస్తుండగా, నలుగురు మనుషుల చేత దాన్ని కీచుమనిపిస్తూ ఈడ్పించుకుపోవాలని మొదట రాశాను. కొట్టేశాను. సోమవారం తీసుకెళ్లండి. వంతెన పక్కనున్న చూపులేని పిల్లల బడికి ఇవ్వండి. వాళ్లు ఎంత గట్టిగా బాదినా నాకు సమ్మతమే.

4. మా అక్క కళ్లజోడు, దాని గుడ్డ సంచీతో సహా, ఆమె కూతురికే.

ఆ అద్దాలు నేను అరగదీసినవి. ఆఖరి ఏడాది అక్కకి నడుం కింద చచ్చుబడింది. బావ మా చర్చి పాస్టరు. అక్క ఒళ్లు తుడవడానికీ, పాపకి జడలు వెయ్యడానికీ నేను వాళ్లింటికి మకాం మార్చాను. పాప అంటే ఈ అక్క కూతురే. అప్పటికి స్కూలు పిల్ల.

ఒక మధ్యాహ్నం వంటింట్లో పిండి పిసుకుతున్నాను. బావ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ అక్క పడుకుంది. తలుపు వెయ్యి" అన్నాడు. తలుపు ఆయన పక్కనే ఉంది. వేస్తే తనే వెయ్యొచ్చు. వెయ్యడు. రేపు ఎవరైనా అడిగితే తలుపు వేసింది నేనే కావాలి. నేను కదలకపోయేసరికి గొంతు తగ్గించి, "లేయా, రాహేలు సొంత అక్కచెల్లెళ్లు. ఇద్దరూ యాకోబుకే భార్యలై ఒకే ఇంట్లో ఉన్నారు. దేవుడు యాకోబుని వదిలేశాడా?" అన్నాడు.

అరణ్యంలో ప్రభువుని శోధించిన, అంటే ఆశపెట్టి పరీక్షించిన, సాతాను కూడా లేఖనాలే వల్లించాడని సండే స్కూలు పిల్లలకి నేనే పాఠం చెప్పేదాన్ని. ఆ పాఠం నా ఒంటికి తగిలింది అప్పుడే. దేవుడి మాటని నోట్లో వేసుకుని, నమిలి, ఆ ఎంగిలి తీసి నా చేతిలో పెడుతున్నాడు మనిషి. పక్క గదిలో మా అక్క ఊపిరి వినిపిస్తోంది. నాకు కడుపులో తిప్పింది. వీధి తలుపు తీసి పరుగెత్తాను. చెప్పులు వేసుకోలేదు. శాలువా అక్కడే వదిలేశాను. చేతులకి పిండి అలాగే ఉంది.

ఆ తర్వాత అక్కని చూడ్డానికి బావ ఇంట్లో లేని వేళల్లో వెళ్లేదాన్ని. "ఇక్కడ ఉండటం మానేశావేంటే?" అని అడిగింది. "పని పెరిగిందక్కా" అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ వానాకాలంలోనే పోయింది.

5. నా బీరువాలో ఒక క్యాసెట్టు ఉంది. 'శోధనను జయించిన సాక్ష్యం' అని అట్ట మీద ఉంటుంది, పక్కన బావ బొమ్మ. దాన్ని ఎవరికీ ఇవ్వడం లేదు. టేపు బయటికి లాగి, చెత్తలో వేసి, వేసినవాళ్లు చేతులు కడుక్కోవాలి.

అక్క పోయిన కొద్ది రోజులకి, బావ పీఠం ఎక్కి ఏడుస్తూ చెప్పిన ప్రసంగం అది. తన భార్య మంచాన ఉండగా, బైబిల్లో యోసేపు మీద ఆశపడి, అతను పైబట్ట వదిలేసి పారిపోతే నింద అతని మీదే వేసిన పోతీఫరు భార్య లాంటిది తన ఇంట్లోనే తిరిగిందన్నాడు. "వంటింట్లో నన్ను పట్టుకుంది ప్రియులారా! నేను యోసేపులా పరుగెత్తాను!" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని ఏముంది? ఆ ఇంట్లో ఉన్న ఇంకో ఆడదాన్ని నేనే. నిండు చర్చి మొహాలన్నీ పియానో వైపు తిరిగాయి. ముందు వరసలో కూర్చున్న పాప కూడా తిరిగింది.

శాలువా వదిలి వచ్చింది నేను. చెప్పుల్లేకుండా వీధిన పడింది నేను. నా పరుగుని దొంగిలించి, తొడుక్కుని, పీఠమెక్కాడు. అందరూ "హల్లెలూయ" అన్నారు. చివరి పాట వాయించాల్సింది నేనే. వాయించాను. మూత వేసి వచ్చేశాను. ఆ తర్వాత పియానో ముట్టలేదు గానీ, చర్చి మానలేదు. మానితే ఒప్పుకున్నట్టే. చివరి బల్ల మీద కూర్చునేదాన్ని. నా పక్క ఖాళీలో ఆడవాళ్లు చేతిసంచులు పెట్టేవాళ్లు. నేను అంటుకుంటానని భయం. ఆ సంచుల్లో సువాసన నూనెలు, జేబురుమాళ్లు, బైబిళ్లు. వాటి మధ్య ఇన్నేళ్లు దేవుణ్ణి పిలుచుకున్నాను.

క్యాసెట్టు బాగా అమ్ముడుపోయింది. తర్వాత ఫోన్లలోకి ఎక్కింది. శోధనని ఎలా ఎదుర్కోవాలని ఏ కుర్రాడు అడిగినా పెద్దలు అదే వినిపించేవాళ్లు. అది విని ఎవరైనా నేర్చుకున్నది ఒక్కటే: ఆడదాని వైపు వేలు చూపించడం.

6. పాప కూడా నమ్మింది. నేను తప్పు పట్టను. పెద్దయ్యాక నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేది. పెళ్లికి పిలవలేదు. చర్చిలో జరిగింది కాబట్టి చివరి బల్ల మీంచి చూశాను.

పోయిన ఏడాదికి బావకి మతి పూర్తిగా తప్పింది. మనుషుల్ని గుర్తుపట్టడు. పక్క తడుపుతాడు. పాపే చూసుకునేది. ఒకరోజు స్నానం చేయిస్తుంటే మణికట్టు పట్టుకుని, "మీ అక్క పడుకుంది. తలుపు వెయ్యి. ఆ రోజు పారిపోయావు, ఈసారి పారిపోకే" అన్నాడట. లేయా, రాహేలు మాట కూడా అన్నాడట. అదే గొంతుతో. కన్నకూతురితో.

పాప ఆయన్ని స్నానాల గదిలోనే వదిలేసి, పక్కింటావిడతో చూడమని చెప్పి, నా దగ్గరికి వచ్చింది. గుమ్మంలో నిలబడింది. చేతుల మీద సబ్బు ఆరిపోయి తెల్లగా ఉంది.

"పిన్నీ, పారిపోయింది నువ్వా?" అంది.

"నేనే" అన్నాను.

వంటింటి తొట్టి దాకా వెళ్లి వాంతి చేసుకుంది. నేను జుట్టు వెనక్కి పట్టుకున్నాను. చిన్నప్పుడు జడలు వేసిన జుట్టే, ఇప్పుడు కొంచెం పలచబడింది.

7. సంఘ పెద్దలకు ఏమీ లేదు.

పాప వెళ్లి ఆ ప్రసంగం ఇక వినిపించొద్దని చెబితే ముగ్గురు పెద్దలు నా దగ్గరికి వచ్చారు. నా మంచం మీద కూర్చుని, నా బిస్కెట్లు తింటూ, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ తవ్వడం? ఆయన మంచాన పడ్డారు. ఆ సాక్ష్యం విని ఎంతమంది కుర్రాళ్లు దారిలో పడ్డారో. మీరు పెద్ద మనసు చేసుకుంటే కొత్త సంగీతం గదికి మీ పేరే పెడతాం" అన్నారు. క్షమాపణ గురించి వాక్యాలు కూడా అప్పజెప్పారు, మీసాల మీద బిస్కెట్టు పొడితో.

ప్రభువుకైతే సాతాను కొండ మీదికి తీసుకెళ్లి లోకరాజ్యాలు చూపించాడు. నాకు చూపించింది ఒక గది, తలుపు మీద ఇత్తడి పలక. అంత చవగ్గా కనిపించానా అని ఒళ్లు మండింది. అయినా నా పేరు ఇత్తడి మీద ఎలా ఉంటుందోనని ఒక్క క్షణం ఊహించుకున్నాను కూడా. ఛీ. "లేవండి" అన్నాను. లేచారు. ఒకాయన మిగిలిన బిస్కెట్టు చేతిలో పట్టుకునే వెళ్లాడు.

ఈ వీలునామా చర్చిలో చదివించాలా వద్దా అన్నది పాప నిర్ణయం. అక్కడ బతకాల్సింది తను.

8. ముందు గది అద్దెతో బావకి ఒక మగ మనిషిని కుదర్చాలి. కడగడం, తుడవడం, పక్క మార్చడం, తినిపించడం అన్నీ అతనే చెయ్యాలి. బావ బతికి ఉన్నంతకాలం ఈ ఏర్పాటు సాగాలి, ఆ తర్వాత అద్దె కూడా పాపదే. పాప గానీ, మరే ఆడమనిషి గానీ ఇక ఆయన ఒంటి మీద చెయ్యి వెయ్యాల్సిన పని లేదు.

ఆయన తడిసిన పక్కలో పడి, ఎవరూ రాక, కేకలు పెడుతుంటే వినాలని నాకు ఉంది. ఆ కోరిక చాలా రోజులుగా పొద్దున్నే నా కంటే ముందు లేస్తోంది. కానీ ఆ కేకలు పాప చెవిన కూడా పడతాయి. అందుకే ఈ ఏర్పాటు. దీన్ని క్షమాపణ అని ఎవరూ ప్రసంగం చెయ్యొద్దు. క్షమించమని ప్రభువు రోజూ అడుగుతున్నాడు, నేను రోజూ రేపు చూద్దామంటున్నాను. అది మా ఇద్దరి సంగతి.

9. నా సమాధి దగ్గర ప్రసంగం వద్దు. టైలరమ్మ ప్రార్థన చేస్తుంది. ఆవిడవి చిన్న ప్రార్థనలు.

10. ఇది పాపకి.

ఆ రోజు మొహం కడుక్కున్నాక నువ్వు నన్ను అడిగావు: "నీకు ఆయనంటే అసహ్యం కదా పిన్నీ, అందుకే కదా పరుగెత్తావు?" ఔనన్నాను. నువ్వు అప్పటికే తట్టుకోలేకుండా ఉన్నావని అలా అన్నాను. అది సగమే నిజం.

నాకు ఆయనంటే ఇష్టం. అక్కని పెళ్లాడిన నాటి నుంచీ ఇష్టం. నా పాట బాగుందని చెప్పిన మొదటి మనిషి ఆయన. ఆయన చర్చి మెట్లెక్కే చప్పుడు వింటే పియానో మీద నా వేళ్లు తప్పు మీటల మీద పడేవి. ఆ లేయా మాటకి కడుపులో తిప్పిందని రాశాను. నిజమే. తిప్పుతుండగానే, ఆ వంటింటి తలుపు వెయ్యడానికి నా చెయ్యి గడియ దాకా వెళ్లింది. అదీ నిజమే. పరుగెత్తి వీధి మలుపు దాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఆ ఇంటి వైపు కాళ్లు లాగాయి. అక్కడ నిలబడి, "ప్రభువా, నాకు వెళ్లాలని ఉంది, నువ్వే పట్టుకో" అని బయటికే అన్నాను. దారిన పోయేవాళ్లు పిచ్చిదనుకుని ఉంటారు.

ప్రసంగాల్లో శోధనకి కొమ్ములూ తోకా పెడతారు. అలా వస్తే ఎవరు లొంగుతారు? నాకు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చింది. నీకు కూడా నీకు నచ్చే రూపంలోనే వస్తుంది. ఇష్టం పుట్టినందుకు నిన్ను నువ్వు రోసుకోకు. ఆ రోత మనకి అంటగట్టి బతికేవాళ్లు వేరే ఉన్నారు.

గదులు నీకు రాశాను, మీ అమ్మ కళ్లజోడు నీకు రాశాను. అంత ఇష్టం ఉండి కూడా ఆ మలుపు నుంచి వెనక్కి వెళ్లకపోవడం ఒక్కటి నా దగ్గర మిగిలింది. అది నేను ఎవరి పేరా రాయలేను.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం, మధ్యాహ్నం.

సంతకం: అద్దాలు అరగదీసినామె. జబ్బు వల్ల అక్షరాలు వంకరపోయాయి. సంతకం నాదే.

సాక్షులు, ఇద్దరూ నా ఎదుట, నేను వాళ్ల ఎదుట సంతకాలు చేశాం:

1. నాకు వైద్యం చేస్తున్న డాక్టరు.

2. ఎదురు బేకరీ ఆవిడ. చదివి సంతకం చెయ్యమన్నాను. చదివింది. సంతకం చేసింది.