బాకు మీద చిన్న చెయ్యి

అన్నయ్యకు,

నీ తమ్ముణ్ణి. వదిన పోయినప్పుడు నువ్వు వేసిన కార్డు మీద అడ్రసు చూసి రాస్తున్నాను. నాకు రాయడం చేతకాదు, నీకు తెలుసుగా.

పాతసామాన్ల కొట్టాయన ఒక బాకు తెచ్చాడు. "ఎప్పటిదో చెప్పు తాతా, తుప్పు కూడా వదిలించు" అన్నాడు. పిడి వదులుగా ఉంది, లాగితే ఊడింది. పిడి అతికించిన లక్క మీద బొటనవేలి ముద్ర. దానికి అడ్డంగా, కాలిన మచ్చ వదిలిన సన్నని గీత. నీ వేలే. బాకు మన తాతలకంటే పాతది. పిడి బిగించింది మాత్రం నువ్వు. నాన్న నిన్ను మన మెరుగు కొట్టులోంచి గెంటేసింది ఈ బాకు గురించే.

మూడు రోజులు రుద్దాను. అద్దంలా వచ్చింది. నూనె రాసి, గుడ్డ చుట్టి, పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. పొద్దున తీస్తే బాకు మీద తుప్పు. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు. చిన్నపిల్లాడి చెయ్యి. మళ్లీ రుద్దాను. మళ్లీ వచ్చింది.

కొట్టాయన నవ్వాడు. "మీ మనవడెవడో పట్టుకున్నట్టున్నాడు తాతా."

పెళ్లే కానివాడికి మనవలెక్కడ?

ఆ ముద్రలో చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. చిన్నప్పుడు ఇనుము బిగించే పట్టుడులో నలిగిన నా వేలు నీకు గుర్తుందా? దాని మీద నా చెయ్యి పెట్టి చూశాను. వంకర సరిగ్గా అక్కడే. ఇప్పుడు చెయ్యి పెద్దది, అంతే.

అన్నయ్యా, మెరుగుపెట్టిన ఇనుము వట్టిచేత్తో ముట్టుకోవద్దని నాన్న రోజూ చెప్పేవాడు. ఆ రోజు చెమట ఉప్పు అంటిన చేత్తో ఈ బాకు పట్టుకుని అద్దం ముందు రాజులా నిలబడింది నేను. తెల్లారేసరికి తుప్పు పట్టింది. పిడి బిగించింది నువ్వు గనక తప్పు నీ మీద పడింది. "ఈ చెమట చేతులవాడు నా గుమ్మం తొక్కకూడదు" అని నాన్న నిన్ను అంటుంటే నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నోరు విప్పలేదు. యాభై ఎనిమిదేళ్లు విప్పలేదు.

క్షమించమని అడిగే మొహం లేదు. నిజం నీకు తెలియాలని రాశాను.

నీ తమ్ముడు

*

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. "పిచ్చివాడా, నువ్వు అద్దం ముందు నిలబడటం నేను అప్పుడే చూశాను. నాన్న దెబ్బలకు నువ్వు ఆగలేవని ఊరుకున్నాను. తుడిచెయ్యి, ఇక మర్చిపో" అని రాశావు. నాలుగుసార్లు చదివాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను.

నువ్వు చెప్పినట్టే నిన్న తుడిచాను. తాళం వేశాను.

ఈ పొద్దున తీశాను. చిన్న చెయ్యి అక్కడే ఉంది. దాని మీద, దాన్ని కప్పినట్టు, ఇంకో చెయ్యి. పెద్దది. బొటనవేలి ముద్రకు అడ్డంగా, నీ మచ్చ ఉన్న చోటే, సన్నని గీత మాత్రం తుప్పు పట్టకుండా మెరుస్తోంది.

రుద్దలేదు. నా వల్ల కాదని కొట్టాయనతో చెప్పేశాను.

అన్నయ్యా, నువ్వు బాగానే ఉన్నావు కదా? ఈ ఉత్తరం అందగానే ఒక్క ముక్క రాయి. నీ చేత్తోనే రాయి.

ఎదురుచూస్తూ,
నీ తమ్ముడు