పగిలిన ఇత్తడి నట్టు

బందరు, 12 జూలై 1962, గురువారం

ఇది ఈ రాత్రే రాయాలి. తెల్లారితే నా తప్పు నాకే చిన్నదిగా కనిపిస్తుంది.

మా హాస్టల్లో ఫ్లష్ తొట్టికి నీళ్ళొచ్చే గొట్టం అతుకు దగ్గర మూడు రోజులుగా కారుతోంది. ఈ రోజు ఆయా దీనమ్మ నట్టు విప్పి, జనపనార చుట్టి మళ్ళీ బిగించింది. అయినా చుక్కలు పడుతున్నాయని నేను స్పానరు తీసుకున్నాను.

"ఇంక తిప్పమాకండమ్మా. నార నానితే అదే ఆగిపోద్ది" అంది.

మా ఇంట్లో బడికెళ్ళింది నేనొక్కదాన్నే. ఫిజిక్సు చదివినదాన్ని, ఈవిడా నాకు చెప్పేది అనుకున్నాను. ఇంకో చుట్టు తిప్పాను. నట్టు టక్కున పగిలి నీళ్ళు వరండా దాకా పారాయి.

వార్డెన్‌గారు వచ్చి దీనమ్మ మీద పడ్డారు. "ఈ నారల వైద్యం నిన్నెవరు చెయ్యమన్నారు? సోమవారం నుంచి పనిలోకి రావద్దు." నేను బకెట్టు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

ఆవిడ వెళ్ళాక దీనమ్మే నన్ను ఓదార్చింది. "పోనీండమ్మా. మా పేటలో ఆడపిల్లలకి మిమ్మల్నే చూపించి చదూకోమంటన్నా. మీకు మాట రాకూడదు."

మా ఊరు మొవ్వలో మా అమ్మ కూడా ఒకరి దొడ్డి ఊడుస్తుంది. ఆమెను ఎవరైనా ఇలాగే...

వార్డెన్‌గారికి చీటీ రాశాను. మొదట "తప్పు నాది కూడా" అని రాసి, "కూడా" కొట్టేశాను. ఇప్పుడే వెళ్ళి ఆవిడ తలుపు కింద నుంచి తోసి వచ్చాను.

"తప్పు నాది. నట్టు పగలగొట్టింది నేనండి. దీనమ్మ వద్దన్నా వినలేదు. ఆమెను పనిలో ఉంచుతారో లేదో దయచేసి ఆదివారంలోగా చెప్పండి."