సిగ్నీ అన్నా అనడం మానేసిన వారం

నాచారం,
మంగళవారం సాయంత్రం

ప్రేమగల అమ్మకు,

నీ కెజియ చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. దేవుని కృప వల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వు, నాయిన, నానమ్మ, తమ్ముడు కూడా బాగున్నారని నమ్మి మొదలుపెడుతున్నాను. నాయిన మోకాలు వాన పడ్డప్పుడు మళ్ళీ గుంజుతోందా? మందు వాడుతున్నాడా, లేక తగ్గిందని అబద్ధం చెప్తున్నాడా? తమ్ముడు లెక్కల పుస్తకం తెరుస్తున్నాడా?

రోజూ ఫోన్ చేస్తున్నా ఉత్తరం రాయమన్నావు, మెల్లగా మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చని. నాకూ ఇదే ఇష్టం అమ్మా. ఫోన్లో "తిన్నా, బాగున్నా" దాటి నా నోటికి ఏమీ రాదు. కాగితం ముందు కూర్చుంటే మాటలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తాయి. కాకపోతే భాష కొంచెం పుస్తకంలోలాగా అయిపోతోంది. నవ్వకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఉప్పల్‌లో కాలేజీ నుంచి బయటికొస్తే రింగ్ రోడ్డు దాకా బురదే. షేర్ ఆటోలో ఐదుగురం ఇరుక్కుని నాచారం వచ్చేసరికి చున్నీ సగం తడుస్తుంది. పొద్దున మాత్రం బాగుంటుంది. ఫ్యాక్టరీల వైపు నుంచి బిస్కెట్లు కాల్చే వాసన వస్తుంది, ఆకలి లేకున్నా ఆకలేస్తుంది. తిండికి ఇబ్బంది లేదు, నిజంగా లేదు. ఓనర్ ఎస్తేరమ్మ ఆంటీ ఏం వండినా నాకొక గిన్నె పైకి పంపిస్తుంది. ఆదివారం గుడి నుంచి వచ్చాక మధ్యాహ్నం ఒక్కటే కష్టం. అందరి ఇళ్ళల్లో అందరూ ఉంటారు, నా గదిలో నేనుంటాను. అప్పుడు మీరు గుర్తొస్తారు. సాయంత్రానికి సర్దుకుంటుంది. ఫికర్ చేయకు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. మూడు వారాలుగా ఇది నా కడుపులో ఆగడం లేదు.

కాలేజీ అయ్యాక నేను డబ్బింగ్ ఆఫీసుకు పోతున్నాను కదా. అక్కడేం చేస్తావని నాయిన అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. వేరే దేశాల సీరియల్స్‌కు మేము తెలుగు మాటలు రాస్తాం. తెర మీద మనిషి నోరు ఎంతసేపు తెరిచాడు, పెదాలు ఎప్పుడు మూశాడు, అన్నీ చూసి అందులో సరిగ్గా పట్టే తెలుగు మాట పెట్టాలి. రాసేది మా సర్. పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా ఇదే పని. నేను పక్కన కూర్చుని, ఆయనకు మాట అందనప్పుడు అందిస్తాను. ఈ సీజన్ నాకు పరీక్ష. పని నచ్చితే వచ్చే సీజన్‌కు ఉంచుకుంటారు, లేకపోతే లేదు.

ఇప్పుడు చేస్తున్న దాని పేరు "మంచు రేవు". వెయ్యేళ్ళ కిందటి ఉత్తర దేశపు ఓడ దొంగల కథ. వైకింగులు అంటారు. గడ్డాలు, గొడ్డళ్ళు, ఎటు చూసినా మంచు. అందులో సిగ్నీ అని ఒక అమ్మాయి, పడవలు చేసే ఆయన బిడ్డ. ఆ పడవల కొట్టంలోనే చిన్నప్పటి నుంచి పనిచేసే మంచి పిల్లగాడు హల్వార్. ఊరి పెద్ద కొడుకు, ఎర్ర గడ్డం ఉన్నవాడు, సిగ్నీకి వెండి కడియం పెట్టి పెళ్ళి ఖాయం చేసుకుంటాడు.

రెండో భాగంలో సిగ్నీ హల్వార్‌ను కేకేస్తుంది. అక్కడి భాషలో "నేస్తమా" లాంటి మాటేదో అంది. నోరు బాగా తెరుచుకుంది, పెదాలు కలవలేదు. సర్‌కు మాట దొరకలేదు. నేను వెంటనే "అన్నా!" అన్నాను. అచ్చు అతికినట్టు కూర్చుంది. "శభాష్ అమ్మాయ్" అన్నారు సర్. ఆ రోజు మెట్లు రెండేసి ఎక్కి ఇంటికొచ్చాను. అప్పటి నుంచి సిగ్నీ ప్రతి భాగంలో అన్నా, అన్నా అంటూనే ఉంది.

మాకు కథ ముందుగా చెప్పరమ్మా. ఒక్కో భాగం ఒక్కోసారి వస్తుంది. మూడు భాగాలు జనంలోకి వెళ్ళిపోయాయి, నాలుగోది ఆ శనివారానికి పంపేశాం. ఐదు, ఆరు రికార్డింగ్ అయి మా దగ్గరే ఉన్నాయి. అప్పుడు ఏడోది వచ్చింది. చూస్తే ఏముంది? సిగ్నీ ఆ వెండి కడియం తీసి ఎర్ర గడ్డం ముందు పెట్టేసింది. నడిచి వెళ్ళి హల్వార్ ఓడ ఎక్కింది. ఓడ మీదే పెళ్ళి!

సర్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"అన్నా అని పిలిచినవాణ్ణి పెళ్ళి చేసుకుంటోంది. తెలుగువాళ్ళు చూస్తారు అమ్మాయ్ దీన్ని."

"వేరే భాషలవాళ్ళకు ఇది తప్పు కాదు కదా సర్..."

"వేరేవాళ్ళు అన్నా అనలేదు. మనం అనిపించాం. శభాషన్నది నేనే, అది వేరే సంగతి. సోమవారానికి నాకొక దారి చూపించు. లేదంటే వచ్చే సీజన్‌కు ఇంకెవరినైనా చూసుకుంటాను."

కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ భయమేసింది.

శనివారం సాయంత్రం ఎస్తేరమ్మ ఆంటీ ముందు గదిలో అందరం "మంచు రేవు" చూస్తాం. కింద పోర్షన్‌లో ఉండే సత్తెన్న, పద్మక్క వస్తారు. వాళ్ళది నాగర్‌కర్నూల్ వైపు, సత్తెన్న ఇక్కడ ఫ్యాక్టరీలో చేస్తాడు. ఆంటీ భర్త యాకోబు అంకుల్ గోడ పక్కన నిలబడి ఆదివారం గుడికి వేసుకునే బట్టలు ఇస్త్రీ చేస్తుంటాడు. మాట్లాడడు. ఆ రోజు నాలుగో భాగం. సిగ్నీ చలిలో హల్వార్‌కు గంజి తెచ్చిచ్చింది.

పద్మక్క కండ్లు తుడుచుకుంది. "ఎంత మంచిగ సూస్కుంటుండు చెల్లెను. సొంత అన్న గూడ గిట్ల సూస్కోడు."

"వచ్చే వారం రాఖీ కడ్తది సూడు" అన్నాడు సత్తెన్న.

వచ్చే కథ బయట చెప్పకూడదు. ఊరికే అడిగినట్టు అడిగాను. "సత్తెన్నా, ఒకవేళ సిగ్నీ ఇతన్నే చేసుకుంటే?"

"థూ! ఏం మాటలే చెల్లె అవి! సదువుకున్నదానివి!"

"అన్నా అన్నంక అయిపాయె. ఇగ దేవుడు దిగొచ్చినా అన్ననే" అంది పద్మక్క. "నీకు గసొంటి పాడు ఆలోచన ఎట్లొచ్చింది పిల్లా?"

అయిపోయింది నా ఉద్యోగం అనుకున్నాను. ఎస్తేరమ్మ ఆంటీ మాత్రం గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయింది. సాయం చేద్దామని వెనకే వెళ్ళాను. చూస్తే సింకు మీద వంగి ఒక్కతే నవ్వుతోంది.

"ఏందాంటీ?"

"మీ అంకుల్‌ను నేనేమని పిలిచేదాన్ననుకున్నవ్ బిడ్డా? యాకోబన్నా! గుడిల యవ్వనస్తుల కూటంల మగపిల్లలందరు అన్నలే గదా. నాలుగేండ్లు అన్నా, పాటల పుస్తకమియ్యి, అన్నా, డోలక్ జరుపు. గా తర్వాత పెద్దోళ్ళు సంబంధం మాట్లాడిన్రు."

"మరి అప్పుడేం పిలిచారు?"

"ఏం పిలుస్తా? అన్నా అన నోరు రాలే, పేరు వెట్టి పిల్వ సిగ్గు. ఇగ ఏమి పిల్వకపోతుంటి. 'ఇగో' అంటుంటి. 'నిన్నే' అంటుంటి. కూటంల ఆడోళ్ళకు గంతనే సమజైంది, ఏందే ఎస్తేరు, అన్న యాడికి వోయిండని ఒక్కటే నవ్వుడు!"

అమ్మా, నేను ఆ తడి చేతులనే పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ఆంటీకి ఏమీ అర్థం కాలేదు.

సోమవారం సర్‌తో చెప్పాను. పెళ్ళికి ముందు వచ్చే ఐదు, ఆరు భాగాల్లో సిగ్నీ నోటి నుంచి అన్నా తీసేద్దాం. ఒక్కసారి కూడా వద్దు. ఏమని పిలవాలో తెలియక అవస్థ పడనిద్దాం. చూసేవాళ్ళే పట్టుకుంటారు. సర్ పెన్ను నా చేతికిచ్చారు. "సరే, రాయి" అన్నారు. "నోరు కదులుతూనే ఉంటుంది, గుర్తుంచుకో. ఖాళీ వదిలితే కుదరదు."

ఆ తర్వాతి మూడు రోజులు నా జీవితంలో ఎంత బాగున్నాయో చెప్పలేను. ఒక మనిషిని పేరు లేకుండా, వరస లేకుండా పిలవడానికి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో! ఇదిగో. నిన్నే. వింటున్నావా. ఇటు చూడు. ఏమైంది. ఆగు. ఆటోలో అందరూ చూస్తుంటే పెదాలు కదుపుకుంటూ కూర్చునేదాన్ని. సిగ్నీకి గొంతిచ్చే అమ్మాయి ఒక "ఇదిగో"ను ఏడు రకాలుగా పలికింది. ఏడోది వినగానే సౌండ్ రూమ్‌లో ఉన్నవాళ్ళు కూడా నవ్వు మొహం పెట్టారు.

ఐదో భాగం వచ్చింది. మా గదిలో ఎవరూ ఏమీ గమనించలేదు. సత్తెన్న పల్లీలు తింటూ గొడ్డళ్ళ కొట్లాట గురించే మాట్లాడాడు. ఆ వారం నాకు అన్నం సయించలేదు. నీతో ఫోన్లో బాగున్నానన్నాను, అప్పుడు ఇదే సంగతి.

ఆరో భాగం. సగంలో పద్మక్క చెయ్యి పైకి లేపింది.

"ఆగున్రి ఆగున్రి. గీ పిల్ల అన్నా అంటలేదేంది?"

"కొట్లాడిన్రేమో" అన్నాడు సత్తెన్న.

"కొట్లాటనా? జర మొఖం సూడు నువ్వు. గది కొట్లాట మొఖమా? ఇరవై ఏండ్ల కాపురం జేసినవ్, ఇంక నీకు మొఖం సదువుడు రాదు!"

ఎస్తేరమ్మ ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గిన్నెలో చెయ్యి పెట్టి పల్లీలు లేవని కూడా చూసుకోలేదు.

మొన్న శనివారం ఏడోది. కడియం బల్ల మీద పెట్టిన చప్పుడుకు గదిలో అందరూ కదలడం మానేశారు. సిగ్నీ ఓడ ఎక్కగానే పద్మక్క చప్పట్లు కొట్టింది! మూడు వారాల కింద నాది పాడు ఆలోచన అన్న పద్మక్కే! సత్తెన్న లేచి నిలబడ్డాడు. "అన్న అన్నంక అన్ననే. నాకు నచ్చలే. వచ్చే వారం నేను రాను."

"నువ్వు రాకుంటే మాకే జాగ ఎక్కువుంటది" అంది పద్మక్క. "పిల్లకు మనసు లేకుంటే వెండి కడియమెందుకు? చేతికేసుకొని నీళ్ళల్ల దుంకనీకా?"

"మరి గప్పుడు అన్నా అని ఎందుకు పిల్వాలె?"

"గప్పటికి తెల్వలే. తెల్సినంక బంద్ జేసింది. ఇంకేం గావాలె నీకు?"

అప్పుడు గోడ దగ్గర నుంచి యాకోబు అంకుల్ గొంతు వినిపించింది. ఇస్త్రీపెట్టె పక్కకు నిలబెట్టి, ఆంటీ వైపు చూస్తున్నాడు.

"ఏమే ఎస్తేరు. నువ్వు అన్నా అనుడు బంద్ జేసినప్పుడు, నీకు నామీద కోపమొచ్చిందనుకున్న నేను. గా పిల్లకు నేను ఇష్టం లేనట్టుంది, బలవంతం జేయొద్దని మా అమ్మతోని గూడ చెప్పిన."

ఆంటీ ఆయన వైపు తిరిగింది. "ఇన్నేండ్లకు చెప్తున్నవా!"

"నువ్వడిగినవా?"

గదంతా ఒక్కసారే నవ్వు. సత్తెన్న కూడా నవ్వాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, వచ్చే శనివారం కూడా ఏడింటికేనా అని అడిగాడు.

నిన్న ఆఫీసులో సర్ ఫోన్ చూపించారు. ఊళ్ళ నుంచి జనం రాసినవి. తిట్లు లేవని చెప్పను. అన్నను చేసుకుంది, మా పిల్లలకు చూపించం అని రాసినవాళ్ళున్నారు. ఎర్ర గడ్డం పాపం, వాడేం తప్పు చేశాడు అని కొందరు. కానీ ఎక్కువమంది ఒకటే మాట: ఆమె అన్నా అనడం మానేసిన రోజే మాకు తెలిసిపోయింది. ఎవరో ఒకామె, మా ఆయన్ను నేనూ అట్లాగే పిలవడం మానేశానని రాసింది. సర్ దాన్ని పైకి చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయ్, వచ్చే సీజన్‌లో సిగ్నీ మాటలన్నీ నువ్వే రాయి. నేను చదివి కొట్టేస్తాను. నువ్వు మళ్ళీ రాయి."

అమ్మా, నాకు పని ఉంది! సహాయం కాదు, రాసే పని. ఈ సంగతి నాయినకు నువ్వే చెప్పు, మెల్లగా, నేను చెప్పినట్టే చెప్పు. చదువు పాడవదని కూడా చెప్పు. పొద్దున కాలేజీ మానను, మాటిస్తున్నాను. నా కోసం ఈ ఆదివారం కూటంలో ఒక కృతజ్ఞత ప్రార్థన చేయించు. గుడి అయ్యగారికి, అమ్మగారికి, పక్కింటి పెద్దమ్మకు నా వందనాలు చెప్పు. ఊరి నుంచి ఎవరైనా ఉప్పల్ దాకా వస్తే కాస్త చింతకాయ తొక్కు పంపించు, ఎస్తేరమ్మ ఆంటీకి కూడా ఇస్తాను.

ఒక్క సాయం చెయ్యాలి నువ్వు. ఈ సీజన్ మిగతా భాగాలన్నీ సముద్రం మీదే, వాటికి మాటలు రాసేశాం; కొత్త సీజన్ మొదటి భాగం నిన్ననే మా దగ్గరికి వచ్చింది. మొదటి సీన్‌లో సిగ్నీ హల్వార్ ఇంట్లో తొలిరోజు పొద్దున నిద్ర లేస్తుంది. అత్త పొయ్యి దగ్గర వీపు తిప్పి కూర్చుని ఉంటుంది. సిగ్నీ గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంటుంది. అక్కడి భాషలో పేరు పెట్టే పిలిచింది. మన దగ్గర కోడలు అట్లా పిలిస్తే సత్తెన్న టీవీ బయట పారేస్తాడు. పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను, ఒక్క మాటా నిలబడటం లేదు. అందుకే అడుగుతున్నాను. నువ్వు మన ఇంటికొచ్చిన తొలిరోజు పొద్దున నానమ్మతో మొదట అన్న మాట ఏంది? గుర్తు తెచ్చుకుని అచ్చంగా అదే రాసి పంపు. నానమ్మను కూడా అడుగు. కానీ ఇద్దరూ ఒకే దగ్గర కూర్చుని కాదు, విడివిడిగా చెప్పండి. రెండూ ఒకటే అయితే సిగ్నీ అదే అంటుంది. రెండూ వేరైతే, అప్పుడు నేను రాస్తాను.

మీ అందరి దీవెనలు కోరుతూ,
నీ బిడ్డ
కెజియ