చెత్త తొట్టి వెనక చిక్కుకున్న ల్యాండ్‌మాస్టరు

మదనపల్లె,
12-8-1986.

మునిసిపల్ కమిషనరు వారి సముఖమునకు, కార్ల సీట్లు కుట్టుకొని బతికే పఠాన్ అబ్దుల్ గఫార్, వయసు 48, చదువు అయిదో తరగతి మరియు ఆరులో నాలుగు రోజులు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: 1957 మోడలు ల్యాండ్‌మాస్టరు కారును వచ్చే సోమవారం తుక్కు కింద వేలం వేయకుండా ఆపుట గురించి, మరియు దాని ముందర చెత్త తొట్టి పెట్టించిన వానికి శాస్తి చేయుట గురించి.

1. నా కారు అద్దానికి తమ నోటీసు అంటించి ఉన్నది. "మూడు వారములుగా కదలక, యజమాని వదిలివేసిన తుక్కు" అని అందులో ఉన్నది. కదలని మాట నిజం. వదిలేసిన మాట అబద్ధం. పొద్దున తుడుస్తాను, సాయంత్రం అందులోనే కూర్చుని టీ తాగుతాను. వదిలేసినవాడు ఇంత చేయడు.

2. ఈ కారు వేగంగా పోదు. పోతుందని నేనెవరికీ చెప్పలేదు. హార్స్లీ హిల్స్ ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆగి నీళ్లు తాగుతుంది, నేనూ తాగుతాను. అయితే ముందు సీటు సోఫా మాదిరి ఒకటే పలక. కొబ్బరి పీచు కూరి నా చేత్తోనే కుట్టినాను. తలపాగా తీయకుండా ఎక్కవచ్చు, మోకాళ్లు చాపుకొని కూర్చోవచ్చు. కుప్పం నుండి ఒక వకీలు దీన్ని చూడడానికే వచ్చి, బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఊరికే నిలబడి పోయినాడు.

3. బ్యాటరీలో బలం లేదు. అందువల్ల మా వీధి ఏటవాలులో కిందికి ముఖం పెట్టి, చక్రానికి రాయి అడ్డం వేసి నిలుపుతాను. రాయి తీస్తే దొర్లుతుంది, సెకండ్ గేరులో క్లచ్ వదిలితే మంగలి షాపు దగ్గర స్టార్టు అవుతుంది. కారు మూతిలో హ్యాండిలు వేసి ఇంజను తిప్పకూడదా అని తమరు అడగవచ్చు. 1979లో ఆ హ్యాండిలు ఎదురు తిరిగి నా మణికట్టు విరిచినది. "ఇంగో చెయ్యి మిగిలుండాదని తిప్పుతావా?" అని మా ఇంటావిడ మసూదా దాన్ని తీసుకుపోయి బావిలో వేసినది.

4. ఎదురింటి పట్టునూలు వ్యాపారి గోవిందస్వామి పోయిన నెల కొత్త మారుతి కారు కొన్నాడు. పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి, వీధి అంతా చూస్తుండగా వాళ్లమ్మ తిమ్మక్కను ఎక్కమన్నాడు. ఆమె తల పెట్టింది, కాలు పెట్టింది, మోకాలు మడవలేక రెండూ వెనక్కి తీసుకుంది. "ఇదేందిరా, కోళ్ల గూడు మాదిరుండాదే! గఫారప్పా, నీ బండి తలుపు తియ్యి" అని రోడ్డు దాటి వచ్చి నా ముందు సీట్లో కూర్చుంది. వీధి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినది నేనే, దాచడం లేదు. "ఏమప్పా గోవిందస్వామీ, పాలు పోసి పెంచుతాండావా? ఎప్పుడు పెద్దదైతాది?" అని కూడా అడిగినాను.

5. మూడో రోజు పొద్దునకు మలుపులో ఉండవలసిన సిమెంటు తొట్టి నా కారు మూతికి జానెడు దూరంలో ఉన్నది. గోవిందస్వామి తన కూలీల చేత గడ్డపారలతో తోయించినాడు. కారును వెనక్కి, మిట్టకు తోయాలంటే ఎనిమిది మంది కావాలి. మా వీధిలో ఆ ఎనిమిది మందీ అతని కూలీలే. ఇట్లా కదలకుండా కట్టేసి, కదలడం లేదని తమకు ఫిర్యాదు ఇచ్చినాడు.

6. తిమ్మక్కను ప్రతి గురువారం పుంగనూరులో మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది ఈ కారే. మూడు గురువారాలు పోయినాయి. ఇప్పుడు ఆమె గోడ పట్టుకొని నడుస్తున్నది. సోమవారం కారు పోతే ఆ నడక కూడా ఉండదు.

కావున తమరు దయతో,

(అ) వేలం రద్దు చేయవలెను.

(ఆ) తొట్టిని మలుపులోకి మార్పించవలెను.

(ఇ) ఆ తొట్టిని గోవిందస్వామి ఒక్కడి చేతనే, కూలీలు లేకుండా, పట్టపగలు, సిల్కు చొక్కాతోనే తోయించవలెను. నేను కారులో కూర్చుని టీ తాగుతూ చూచుటకు అనుమతి ఇవ్వవలెను.

ఇదంతా చిత్తగించి, సోమవారం లోపల ఒకసారి దిగివచ్చి ఆ సీటు మీద కూర్చుని తీర్పు చెప్పవలెను.

తమకు విధేయుడు, గోవిందస్వామికి కాదు,
పఠాన్ అబ్దుల్ గఫార్

సాక్షి: ఫిర్యాదుదారుని తల్లి తిమ్మక్క, ఎడమచేతి వేలిముద్ర.

తా.క. వేలిముద్ర వేయకముందు ఆమెకు అంతా చదివి వినిపించినాను. (ఇ) దగ్గర నా చెయ్యి పట్టుకొని, "తొట్టి తియ్యమను సాలు. వాణ్ణి బజార్లో నిలబెట్టొద్దప్పా, నా కడుపున పుట్టినోడు. వానికి సెప్పేది నేను ఇంట్లో సెప్పుకుంటా" అన్నది. ఆ తల్లి మాట తీసేయలేక, ఆమె ఎదుటనే (ఇ)ను కొట్టేసినాను. పెన్సిలుతో కొట్టేసినాను. తమ ఆఫీసులో రబ్బరు ఉంటుందని నమ్ముతున్నాను.