గడప దగ్గరి మూట

హనుమకొండ,
8 జూన్ 1964

ప్రియమైన వసుమతీ,

నువ్వు రాసినట్టు అవి పాత ఉర్దూ పేపర్లు కావు. గోడ అల్మారాలో పచ్చగుడ్డలో కట్టి ఉన్నవి ఖురాన్ పుటలు. ఆబిడ్స్‌లో ఉద్యోగం దొరికిందని నా నాంపల్లి ఇల్లు నీకిస్తే, వాటిని అరలో పరిచి పైన చెప్పులు పెట్టావు. బి.ఏ. చదివావు, ఇంత భద్రంగా ఎవరు ఎందుకు కట్టారని తోచలేదా? నీకు నమ్మకం ఉండనక్కర్లేదు, మర్యాద ఉంటే చాలు. స్నానం చేసి, నీ చేత్తోనే తీసి, తుడిచి, మూటకట్టి పై అరలో పెట్టు. పనిమనిషికి చెప్పకు, పరిచింది ఆమె కాదు. మోకాలు సహకరిస్తే నేనే వచ్చి తిట్టేదాన్ని.

ఆశీస్సులతో,
అమ్మమ్మ నాగరత్నం


నాంపల్లి,
15 జూన్

ప్రియమైన అమ్మమ్మకు,

చెప్పినట్టే చేశాను. కానీ నీకు రాయని మాట ఒకటుంది. ఆ పుటలు పరిచినప్పటి నుంచి, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అరలోని చెప్పులు గడప దగ్గర ఉండేవి. ఇప్పుడు చెప్పులు కదలడం లేదు, మూట కదులుతోంది. వేసిన తాళం వేసినట్టే ఉంటుంది. తలుపు తీస్తే మూట గడప పక్కన, ప్రయాణానికి సిద్ధమైన మనిషిలా. నాలుగు రోజులుగా ఇదే. పక్కింటి జయమ్మను అడిగితే, "పొద్దంత గీడనే కూసున్న బిడ్డా, ఒక్కరు రాలే. నీ తాళంతోని నాకేం పని?" అంది. ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుంది? నా తప్పు ఇంకా తీరలేదా? ఇలాగైతే ఈ ఇంట్లో ఉండలేను.

నీ మనవరాలు,
వసుమతి


హనుమకొండ,
18 జూన్

ప్రియమైన బిడ్డా,

ఇంకో తాళంచెవి లేదు. తీరని తప్పు నీది కాదు, నాది.

పదకొండేళ్ల కింద, పై వాటాలో ఉండే హలీమాబీ మంచం పట్టి ఆ మూట నా చేతికిచ్చింది. "చదవరాకుండ చిరిగినయి అక్కా. మసీదుల ఇయ్యి, అడుగు పడని జాగల పాతిపెడ్తరు. నువ్వు చదువుకున్నదానివి, ఎట్ల పట్టుకోవాల్నో నీకు ఎరుకే" అన్నది. ఔనన్నాను. ఆ నెలలోనే ఆమె పోయింది. ఆ చేతిరాత అందం చూశాక మాత్రం నాకు ఇవ్వబుద్ధి కాలేదు. ఇంకొన్నాళ్లు ఉంచుకుందామనుకున్నాను.

ఆమె పోయి నలభై రోజులు కాకముందే మూట గడప దగ్గరికొచ్చింది. "ఔ, రేపు" అని మళ్లీ పైన పెట్టాను. పదేళ్లు రోజూ అదే మాట. పాలవాడి రాకలాగే అలవాటైపోయింది. కిందటేడు ఒక సాయంత్రం మూట గడప దగ్గర లేదు. నా దిండు మీద ఉంది. దాన్ని మళ్లీ అల్మారాలో పెట్టి, మర్నాడే బండెక్కి ఇక్కడికొచ్చాను. మోకాలికి ఏ రోగమూ లేదు.

నువ్వు మసీదుకు తీసుకుపోకు. మాటిచ్చింది నేను, మోయాల్సింది నేనే. వచ్చే శుక్రవారం పొద్దున బండికి నాంపల్లిలో దిగుతాను. పాతిపెట్టే ముందు ఆ పుటలు చుట్టడానికి ఆబిడ్స్‌లో గజం తెల్ల నూలుగుడ్డ కొను, కొత్తది. దుకాణంవాడిని కాగితంలో చుట్టనివ్వకు, అది ఏ పుస్తకంలో పుటో ఎవరికి తెలుసు. చేతిమీద వేసుకుని స్టేషన్‌కు రా.

ఆశీస్సులతో,
అమ్మమ్మ