తంగేడు, పందికొక్కు

పుంగనూరు, ఆదివారం రాత్రి

నాగలి పట్టని పాస్టరువి, నువ్వా రైతులకు పందికొక్కు సంగతి చెప్పేది? కోత పండుగ ప్రసంగంలో, బొక్కలో గింజలు దాచే పందికొక్కులా బతకొద్దు, రేపటి చింతలేని తంగేడులా పూయండని గొంతు చించుకున్నాను. మా సంఘంలోని రత్నమ్మ అది నమ్మి, విత్తనానికి దాచుకున్న చెనిక్కాయల మూటను కానుకగా తెచ్చేసింది. రేపు పొద్దున దాన్ని వేలం వేస్తారు.

ఆమె మొగుడు చర్చి గుమ్మంలోనే నిలదీశాడు. "తంగేడు ఎవురూ ఎయ్యకపోయినా మొలుస్తాదయ్యా! చెనిక్కాయ మొలుస్తాదా? పందికొక్కుకుండే బుద్ధి కూడా నీకు ల్యాకపాయె!"

జవాబు కోసం బైబిలు తిరగేస్తే, కోతకాలంలో గింజలు కూర్చుకునే చీమను చూసి నేర్చుకొమ్మన్న చోటే తెరుచుకుంది. నా నోటి మీద నాకే మంట. ఇచ్చిన కానుక వెనక్కి పోదని సంఘ పెద్దలు అంటారు. అననీ. లే. ఈ రాత్రే ఆ మూట భుజానికెత్తుకుని రత్నమ్మ ఇంటికి నడువు.