కళ్లు మూసుకున్న బొమ్మలు

అమ్మా, నేనూ చంటిదీ మీ అల్లుడూ కులాసాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు.

పురుడయ్యాక మొదటిసారి గుడ్డబొమ్మలు కుట్టి పంపితే, దుకాణం ఆవిడ పెట్టె మొత్తం తిరిగి పట్టుకొచ్చింది. "ఏమ్మా, నీ బొమ్మలన్నీ నిద్రపోతున్నాయేం? కొనడానికొచ్చినవాళ్లని ఒక్కటీ కన్నెత్తి చూడట్లేదు!" అంది. తీసి చూస్తే నిజమే, అన్నీ కళ్లు మూసుకునే ఉన్నాయి. మిగతా పని ఎవరు చేసినా కళ్లు నేనే కుడతాను కదా. చంటిది పడుకుంటేనే నాకు పని సాగుతుంది. దాని మొహం చూస్తూ కుట్టానేమో, చెయ్యి అలాగే పోయింది. ఇప్పుడా కుట్లు విప్పుతుంటే పడుకున్న పిల్లల్ని లేపుతున్నట్టు ప్రాణం ఉసూరుమంటోంది. అయినా విప్పుతున్నాను. ఈ పని మానెయ్యమని నాన్న అంటున్నాడట, మాననని చెప్పు. సూది పిల్లకు అందనంత దూరంలోనే కూర్చుంటున్నాను, నువ్వు తిట్టకు.

మెత్తబడ్డ పాత దుప్పట్లుంటే రెండు పంపు, పిల్ల పక్కకి కావాలి. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? కొత్త కళ్లజోడు పెట్టుకుంటున్నాడా, పెట్టెలోనే దాచాడా? మీ ఇద్దరికీ మా ముగ్గురి నమస్కారాలు.

నీ పెద్దపిల్ల

చోటు చాలక అంచున రాస్తున్నాను. చిన్నప్పుడు నువ్వు నాకు కుట్టిచ్చిన బొమ్మకి ఒక కన్నే తెరిచి ఉండేది, గుర్తుందా? అది నాకు కన్నుకొడుతోందని అందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని. ఇన్నాళ్లకు తెలిసిందమ్మా, ఒక కన్ను నేను మేలుకుని ఉండగా కుట్టావు, రెండోది నేను నిద్రపోయాక.